‘నైట్ ఆఫ్ ది ఈగిల్’ (1962) ఇన్నాళ్ళకి బ్లూరేలో మళ్ళీ చూశాను, గద్ద కన్నా లాకెట్టే ఎక్కువ భయపెట్టింది

పాతరీళ్ళు:
అందరికీ నమస్తే, ఇక్కడ పోస్టు పెట్టి చాలా రోజులయింది. మొన్న శుక్రవారం రాత్రి ఇంట్లో సీరియల్ అయిపోయాక అల్మారాలోంచి ‘నైట్ ఆఫ్ ది ఈగిల్’ డిస్కు తీశాను. 1962 నాటి బ్రిటిష్ సినిమా, బ్లాక్ అండ్ వైటు, డైరెక్టర్ సిడ్నీ హేయర్స్. అమెరికాలో ‘బర్న్, విచ్, బర్న్’ అని పేరు మార్చి వదిలారు. డిస్కు కొని ఏళ్ళయింది గానీ సీలు కూడా తియ్యలేదు. మొదటిసారి చూసింది తొంభైల్లో, ఇక్కడికొచ్చిన కొత్తలో, అద్దె అపార్ట్‌మెంట్‌లో నలుగురు బ్యాచిలర్లం, అర్ధరాత్రి టీవీలో, పది నిమిషాలకోసారి కార్ల యాడ్లు. అప్పట్లో గుర్తుండిపోయింది చివర్లో వచ్చే గద్ద ఒక్కటే, దాన్ని చూసి పగలబడి నవ్వుకున్నాం కూడా. ఈసారి గద్ద సంగతి అటుంచండి, అసలు భయమంతా మొదటి అరగంటలో, ఓ మామూలు కాపురంలో ఉంది.

కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. నార్మన్ టేలర్ అని ఒక సోషియాలజీ లెక్చరర్ (పీటర్ విన్‌గార్డ్). మొదటి సీన్లోనే బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘ఐ డూ నాట్ బిలీవ్’ అని రాసి పిల్లలకి మూఢనమ్మకాల మీద పాఠం చెప్తుంటాడు. మంచి పేరుంది, ప్రమోషన్ కూడా వచ్చేలా ఉంది, మిగతా లెక్చరర్ల పెళ్ళాలకి అది కంటగింపుగా ఉంది. ఓ రాత్రి ఇంట్లో సొరుగులో ఏదో వెతుక్కుంటుంటే చిన్న డబ్బాలో చచ్చిన సాలీడు దొరుకుతుంది. అక్కణ్ణించి తవ్వితే ఇల్లంతా అవే, మూలికలు, ఎముకలు, తాయెత్తులు. భార్య టాన్సీ (జానెట్ బ్లెయిర్) జమైకాలో నేర్చుకొచ్చిన విద్య, అంతా మొగుడికి ఎవరి కీడూ తగలకుండా. ఈయనగారికి తల తిరిగిపోయి, ఆవిడ ఏడుస్తూ వద్దంటున్నా వినకుండా అన్నీ పొయ్యిలో వేయిస్తాడు. ఆఖర్న ఆవిడ మెడలో లాకెట్. అందులో ఈయన ఫొటో ఉంటుంది, ఫొటో వెనకాల తాయెత్తు. తాయెత్తుతో పాటు ఫొటో కూడా మంటల్లో పడిపోతుంది.

ఆ ఫొటో అంచులు ముడుచుకుంటూ కాలడం బ్లూరేలో ఎంత స్పష్టంగా ఉందంటే నాకు తెలియకుండానే సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నాను. వెనకనించి మా అత్తయ్యగారు (ఇంగ్లీషు పెద్దగా రాదు, ఊరికే చూస్తున్నారు) “అయ్యో ఫొటో కూడానా, అయిపోయాడు” అన్నారు. తెల్లారి కాలేజీ గేటు దగ్గర లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంటాడు. మీలో ఎవరెవరు చూశారు?

బెజవాడ_బాల్కనీ:
చూశానన్నా. గద్దకి నవ్వకుండా ఉండగలిగావా ఈసారి? నిజం చెప్పు.

పాతరీళ్ళు:
ఒక్కసారి నవ్వాను 🙂 దానికి కట్టిన తాడు కనపడే షాట్ దగ్గర. టీవీలో చూసినప్పుడు తెలియలేదు, ఈ డిస్కులో దాచుకోడానికి ఏమీ లేకుండా పోయింది.

డిస్కు_పిచ్చోడు:
మంచి ప్రింట్‌తో వచ్చిన చిక్కే అది. ఆ కాలంలో హాల్లో ప్రొజెక్టర్ వెలుతురుకి, నాలుగో తరం ప్రింట్ మసకకి ఆ తాడు కలిసిపోయేది, అందుకే వాళ్ళు పెద్దగా పట్టించుకుని ఉండరు. ఇంతకీ మీ దగ్గరున్నది కీనో లోర్బర్ వాళ్ళు 2015లో వేసిన డిస్కేనా, దాంట్లో సినిమా కథ రాసినవాళ్ళలో ఒకడైన రిచర్డ్ మాథెసన్ కామెంటరీ, విన్‌గార్డ్ ఇంటర్వ్యూ ఉంటాయి. అయితే అది అమెరికన్ ప్రింట్. మొదట్లో నల్లటి తెర మీద ఒక గొంతు వినపడి ఉండాలే?

పాతరీళ్ళు:
అదే, అదే. నేను టీవీ పాడైందనుకుని రిమోట్ వెతుక్కున్నాను. బొమ్మ లేదు, నల్లటి తెర, ఒకాయన గంభీరంగా ఈ సినిమాలోని దుష్టశక్తులు మీకు అంటకుండా మంత్రం చదువుతున్నాను అంటాడు.

డిస్కు_పిచ్చోడు:
పాల్ ఫ్రీస్ గొంతు అది. అమెరికాలో డిస్ట్రిబ్యూట్ చేసిన ఏఐపీ వాళ్ళు తగిలించిన తోక. అంతేకాదు, అప్పట్లో టికెట్‌తో పాటు ఓ ఉప్పు పొట్లం, చదువుకోడానికి ఓ మంత్రం కాగితం కూడా చేతిలో పెట్టేవాళ్ళు, పబ్లిసిటీకి. బ్రిటన్‌లో ఇవేమీ లేవు, అక్కడ ఎక్స్ (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్‌తో నేరుగా క్లాస్‌రూమ్‌లోనే మొదలవుతుంది.

బెజవాడ_బాల్కనీ:
ఉప్పు పొట్లమా!! మా అమ్మమ్మ రోజూ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసేది, ఘాటు రాకపోతే “చూశావా ఎంత దిష్టో” అనేది. హాలీవుడ్ వాళ్ళు ఆ ఐడియాకి టికెట్ పెట్టారన్నమాట.

గోదారిగట్టు:
బాబూ, ఈ చర్చలో నేనూ ఓ మాట వేస్తాను. రిటైరైన తెలుగు లెక్చరర్ని కాబట్టి బోర్డు మీద ఏం రాశారో దాని మీదే కన్ను పడుతుందనుకోండి. మీరు చివరి సీను గురించి ఇంకా చెప్పనే లేదు. గద్ద తలుపులు బద్దలుకొట్టుకుని లోపలికొస్తే నార్మన్ వెనక్కి వెనక్కి పోయి తన క్లాసులోనే బోర్డుకి ఆనుకుంటాడు. అతని ఒళ్ళు రాసుకుని ‘నాట్’ అన్న ముక్క చెరిగిపోతుంది. మిగిలింది ‘ఐ డూ బిలీవ్’. ఒక్క డైలాగు లేదు. ఎంత తేలిగ్గా చేశాడో చూడండి.

నాకు తట్టిందేమిటంటే ఈ ఎత్తు తెలుగులో పారదండీ. ఇంగ్లీషులో కాదనడం విడిగా ఒక మాట, చెరిపేస్తే పోతుంది. మన ‘నమ్మను’లో కాదనడం క్రియలోనే కరిగిపోయి ఉంది, ఏ అక్షరం చెరుపుతారు? చివరి ‘ను’ చెరిపితే ‘నమ్మ’ అని మిగుల్తుంది, అది ఎటూ కాకుండా వేలాడుతుంది. ‘నమ్మకం లేదు’ అని రాయించి ‘లేదు’ చెరిపించాలి, అప్పుడు కాస్త నయం. నేను మధ్యాహ్నం భోజనం చేస్తూ కూడా దీని గురించే ఆలోచించాను, మా ఆవిడ చారు పోస్తూ “ఏమిటి ఆ గొణుగుడు” అంది.

పాతరీళ్ళు:
మాస్టారూ 🙏 ‘నమ్మకం లేదు’ బాగుంది. కానీ దాన్ని చెరిపితే ‘నమ్మకం’ ఒక్కటే మిగుల్తుంది, ఎవరి నమ్మకమో తెలీదు. అది ఇంకా భయం.

గోదారిగట్టు:
అవునవును. నాకా కోణం తట్టలేదు.

ఓరుగల్లు_నైట్‌షో:
అన్నా నేను ఈ సినిమా చూడలే, గని థ్రెడ్ మొత్తం చదివిన. ఇండియాల యాడ దొరుకుతది? ఆ అమెరికా బ్లూరే తెప్పిస్తే మన ప్లేయర్ల ఆడుతదా?

డిస్కు_పిచ్చోడు:
ఆడదు తమ్ముడూ. కీనో డిస్కు రీజియన్ ‘ఎ’కి, అంటే అమెరికా వైపు ప్లేయర్లకి, లాక్ చేసి ఉంటుంది, ఇండియా బ్లూరేలో రీజియన్ ‘సి’. మల్టీ రీజియన్ ప్లేయర్ ఉంటేనే. బ్రిటన్ డీవీడీ అయితే రీజియన్ 2, మనది 5, కానీ మన దగ్గర చవక డీవీడీ ప్లేయర్లు చాలావరకు ఏదేస్తే అది ఆడతాయి, రిమోట్‌లో ఏవో నాలుగంకెలు కొట్టి తెరుచుకునేవి కూడా ఉన్నాయి. డీవీడీ మీద టైము చూసి కట్ చేశారని మాత్రం కంగారు పడకు. బ్రిటన్, ఇండియా టీవీల పద్ధతి పాల్ (PAL), ఆ పాల్ డీవీడీలో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 చేసి పరిగెత్తిస్తారు, 90 నిమిషాల సినిమా 86 నిమిషాల్లో అయిపోతుంది. దానికితోడు అమెరికా వాళ్ళ నల్లతెర మంత్రం కూడా ఇందులో ఉండదు. తెలియనివాళ్ళు సెన్సార్ కోసేసింది అని గొడవలు పెట్టుకుంటారు.

బెజవాడ_బాల్కనీ:
అయితే ఆ టేపు మంత్రం పాల్‌లో నాలుగు శాతం తొందరగా పనిచేస్తుందన్నమాట.

డిస్కు_పిచ్చోడు:
😂 నిజమే, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. నీ జోకు అర్థం కానివాళ్ళ కోసం, ఈ సినిమాలో చేతబడి నడిచేది టేప్ రికార్డర్ మీద. నార్మన్ పాఠం రికార్డు చేసిన టేపు కింద ఇంకేదో శబ్దం కలిపి పంపిస్తారు, వాన పడుతున్న రాత్రి అది పెట్టుకుని వింటుంటే బయట తలుపు దగ్గరికి ఏదో వస్తుంది. టాన్సీ కంగారుగా ఆపేస్తుంది. వెంటనే ఫోను మోగుతుంది, ఎత్తితే అందులోనూ అదే శబ్దం. 1962లో టేప్ రికార్డర్ కొత్త మోజు కాబట్టి పాత మంత్రాన్ని దాంట్లోంచి వదలడం భలే ఆలోచన. హేయర్స్ ఎడిటింగ్ నించి వచ్చినవాడు, ఆ సీన్ కోతలోనే తెలిసిపోతుంది. తలుపు అవతల ఏముందో చూపించడు.

పాతరీళ్ళు:
అందుకే నా గొడవ. తలుపు దగ్గర చూపించకుండా అంత బాగా నడిపినవాడు చివర్లో గద్దని ఎందుకు చూపించాలి? కాలేజీ గుమ్మం మీద రాతి గద్ద ఉంది, అది కదిలిందో లేదో తెలియకుండా రెక్కల నీడ పడేస్తే సరిపోయేది.

బెజవాడ_బాల్కనీ:
ఒప్పుకోను. చూపించకపోతే మా బాల్కనీ జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళు. గంటన్నర ఊరించి చివర్లో నీడ చూపిస్తే ఎట్లా? పైగా దాన్ని చూసింది వాడొక్కడే, లౌడ్‌స్పీకర్‌లో టేపు ఆపగానే తలుపులు చెక్కుచెదరకుండా ఉంటాయి. అంటే చూపించినా చూపించనట్టే.

సీతాకోకచిలుక:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉంటాను, ఈ సినిమా నాకు ఇంటి పక్క సినిమా. అందులో కాలేజీగా చూపించిన పెద్ద బంగళా టాప్లో కోర్ట్, మాకు దగ్గరే, ఇప్పుడది ఓ బౌద్ధ సంస్థ వాళ్ళ సెంటర్. కొన్ని రోజులు అందర్నీ లోపలికి రానిస్తే వెళ్ళాను, ఎంతో ప్రశాంతంగా జపాలు చేసుకుంటున్నారు, నేను మాత్రం గుమ్మం కిందకి రాగానే తలెత్తి చూశాను, ఏమన్నా పడుతుందేమోనని. ఏ గద్దా లేదు లెండి, అది సినిమావాళ్ళ సెట్టింగ్ అయ్యుంటుంది.

అసలు విషయానికొస్తే పాతరీళ్ళు గారు చెప్పిన లాకెట్ సీన్ గురించి నాకు ఇంకో మాట ఉంది. అందరూ దీన్ని “నమ్మనివాడికి బుద్ధొచ్చింది” అనే కథగా చూస్తారు. నాకు కనిపించింది మాత్రం వేరు. అతను తన తెలివితో పైకొచ్చాననుకుంటున్నాడు. తెర వెనక ఒక మనిషి రోజూ అతని కోటు కాలర్ నించి గుమ్మం దాకా కాపలా కాస్తోంది. ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. పేకాట పార్టీకి వాళ్ళందరూ వచ్చి వెళ్ళాక ఆవిడ వెతికే సీన్ చూడండి, కుషన్లు, కర్టెన్లు, అన్నీ తిరగేసి చివరికి దీపం షేడ్ దగ్గర ఎవరో దాచిపెట్టి వెళ్ళిన చిన్న బొమ్మ దొరుకుతుంది. అతిథులు వెళ్ళాక ఇల్లు సర్దుకోడం, అంతే, చూసేవాడికి అలాగే కనిపిస్తుంది. పైనించి మొగుడు పడుకోవా అని పిలుస్తుంటాడు. ఆ హడావిడి ఎవరికి తెలియదు చెప్పండి.

బెజవాడ_బాల్కనీ:
అక్కా మీరు చెప్పింది బానే ఉంది గానీ అవతల విలన్ ఫ్లోరా కార్ కూడా ఆడదే కదా. పైగా కాలు అవిటి. అవిటితనం ఉంటే దుర్మార్గురాలు అన్నది పాత సినిమాల రోగం, దీనికీ తగిలింది. ఆ స్టూడెంట్ అమ్మాయి మార్గరెట్ చేత కూడా లెక్చరర్ మీద తప్పుడు ఫిర్యాదు చేయిస్తారు, అది ఇవాళ చూస్తే ఎబ్బెట్టుగానే ఉంటుంది.

సీతాకోకచిలుక:
ఆ రెండూ ఒప్పుకుంటాను. ముఖ్యంగా మార్గరెట్ సంగతి, ఇవాళ ఎవరన్నా అలా రాస్తే ఊరుకోరు. కాకపోతే మూలకథ ఇంకా ఘోరం. ఫ్రిట్జ్ లైబర్ 1943లో రాసిన ‘కాంజ్యూర్ వైఫ్’ అది, దాంట్లో ఆడవాళ్ళందరూ మంత్రగత్తెలే, మగవాళ్ళకి మాత్రమే తెలీదు. సినిమా కథ రాసిన మాథెసన్, చార్ల్స్ బోమాంట్, జార్జ్ బాక్స్ట్ దాన్ని ఇంగ్లండ్‌కి తెచ్చి ఒక్క ఫ్లోరా కార్‌కి కుదించారు. దానివల్ల ఆడాళ్ళంతా ఇంతే అన్న మాట తగ్గి, ఒక ఆఫీసులో ఇద్దరు మొగుళ్ళ ప్రమోషన్ కోసం ఇద్దరు పెళ్ళాలు చేసే యుద్ధమైంది. మార్గరెట్ జాన్‌స్టన్ ఫ్లోరాగా ఎంత బాగా చేసింది! పేకలతో ఇల్లు కట్టి, దానికి నిప్పంటించి, అక్కడ నార్మన్ ఇల్లు కాలుతుంటే ఇక్కడ చిన్నపిల్లలా నవ్వుతుంది.

గోదారిగట్టు:
ఆ పేకాట పార్టీలో ఎవలిన్‌గా వేసినావిడ కాథ్లీన్ బైరన్ అని ఎవరన్నా గుర్తుపట్టారా? 1947లో ‘బ్లాక్ నార్సిసస్’లో పిచ్చెక్కిపోయే సిస్టర్ రూత్. హిమాలయాల కథ, తీసింది మాత్రం ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని ఆవిడ చూసే చూపు కుర్రతనంలో నన్ను నిద్రపోనివ్వలేదు. ఇక్కడ అంత పాత్ర లేదు పాపం, మూతి ముడుచుకుని కూర్చోడమే.

డిస్కు_పిచ్చోడు:
నటుల మాటొచ్చింది కాబట్టి, నార్మన్ వేషానికి మొదట పీటర్ కుషింగ్‌ని అనుకున్నారట, ఆయన వేరే సినిమాకి వెళ్ళిపోయాడు. విన్‌గార్డ్‌కి స్క్రిప్ట్ అస్సలు నచ్చలేదు, కానీ బ్రిస్టల్ కారొకటి చూసి మనసు పారేసుకుని దానికెంతవుతుందో అంతే అడిగాడని తనే చెప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాదే ‘ది ఇన్నోసెంట్స్’లో కిటికీ అవతల దెయ్యంగా నిలబడినవాడు, ఇక్కడ దెయ్యాల్లేవని పాఠం చెప్తున్నాడు.

ఓరుగల్లు_నైట్‌షో:
ఒక మాట చెప్పాల్నా వద్దా అని ఆలోచించిన. మీరందరు మస్తు మాట్లాడుతున్నరు గని నాకు జెర ఇబ్బంది అయితుంది. మా దిక్కు బాణామతి అంటే సినిమా ముచ్చట కాదు. పక్కింట్ల పిల్లకు జరమొస్తే ఒక ముసలామె పేరు వెట్టి ఊరంత ఆమెను దూరం వెట్టిన్రు మా ఊర్ల, నేను చిన్నగున్నప్పుడు. ఆమె బాయి కాడికి వస్తే ఆడోళ్ళు బిందెలు తీస్కొని లేచి పోతుండె. కొట్టి సంపిన వార్తలు గూడ పేపర్ల చూస్తనే ఉంటం. మా బాపు సైన్స్ సారు, బడి తర్వాత ఊర్లు తిరిగి అవన్ని అబద్ధమని నిమ్మకాయలకెల్లి రక్తం తీసి సూపెట్టి, గదెట్ల చేసిన్నో మళ్ళ చెప్తుండె. మరి గీ సినిమాల “నమ్మను” అన్న సారే తప్పు, నిజంగనే మంత్రగత్తె ఉన్నది అంటే ఎట్ల?

పాతరీళ్ళు:
తమ్ముడూ, మంచి మాట అన్నావు. నిజానికి నాకు దీనికి సరైన జవాబు లేదు. సినిమా చాలాసేపు రెండు పడవల మీద కాళ్ళు పెడుతుంది, లారీ యాక్సిడెంట్ యాదృచ్ఛికం అనుకోవచ్చు, టాన్సీ సముద్రం వైపు నడవడం మానసిక ఒత్తిడి అనుకోవచ్చు, శ్మశానంలో నార్మన్ ఆవిడ మంత్రాల సామానుతోనే కూర్చోవడం భయంతో అనుకోవచ్చు. చివర్లో తెర మీద “మీరు నమ్ముతారా?” అని అడిగి వదిలేస్తుంది. కానీ నువ్వు చెప్పిన ఆ బాయి దగ్గర ముసలామె గురించి సినిమాకి ఏమీ తెలీదు, అది నిజం. ఇందులో అనుమానించబడేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ కార్లున్న ప్రొఫెసర్ల పెళ్ళాలు.

గోదారిగట్టు:
నాయనా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఎలాగైనా ఆయనతో కలిసి చూడు, తర్వాత ఏమన్నారో రాయి.

సీతాకోకచిలుక:
నా దగ్గర బ్రిటన్ డీవీడీ రెండోది ఉంది, చారిటీ షాపులో ఒకటి దొరికితే మర్చిపోయి మళ్ళీ కొన్నాను. సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నా, అక్కణ్ణించి కొరియర్ చేస్తాను. అడ్రస్ ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి.

ఓరుగల్లు_నైట్‌షో:
అక్కా 🙏🙏 మస్తు థాంక్స్.

(అయిదు వారాల తర్వాత)

ఓరుగల్లు_నైట్‌షో:
డీవీడీ వచ్చింది, మా పాత ప్లేయర్ల వేస్తే ఏ నంబర్ కొట్టకుంటనే ఆడింది. నల్లతెర మంత్రం లేదు, సీదా క్లాసే. బాపుతోని కలిసి ఆదివారం మధ్యాహ్నం చూసిన, కర్టెన్లు గూడ వెయ్యలే. బోర్డు మీద రాసింది చూడంగనే కూసున్నాయన లేచి కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నడు, మా సారే మా సారే అని. ఇగ లాకెట్ సీన్ వచ్చింది. బాపు రిమోట్ తీస్కొని ఆపిండు.

నేను అనుకున్న, మంత్రాలు చూపెడుతున్నరని కోపమొచ్చిందని. కాదు. “గాయన ఆమెను ఒక్కసారన్న అడిగిండా, ఎప్పటిసంది చేస్తున్నవు, దేనికి భయపడుతున్నవు అని?” అన్నడు. నేను ఎన్కకు తిప్పి చూపెట్టిన. అడుగుతడు గని నిలదీసినట్టు అడుగుతడు, జవాబు చెప్తుంటే వినడు. బాపు మళ్ళ చూసి, “నేను ముప్పై ఏండ్లు తిరిగిన, గని ఒక్క ఇంట్ల గూడ తాయెత్తు నా చేతితోని తెంపలే. వాళ్ళే తెంపుకోవాలె” అన్నడు. మా అమ్మ వంటింట్లకెల్లి “మన ఇంట్ల తెంపినవు కద” అన్నది. బాపు సప్పుడు చెయ్యలే. ఏందో తర్వాత అడిగితే పెండ్లైన కొత్తల ముచ్చటంట, ఇద్దరు చెప్పలే.

సినిమా మిగిలింది రాత్రికి చూసినం, ముగ్గురం.

బెజవాడ_బాల్కనీ:
గద్దకి ఎవరు నవ్వారు?

ఓరుగల్లు_నైట్‌షో:
అమ్మ. తాడు ఆమెకే మొదలు కనవడ్డది.